తియ్యగా లేని కలకండ

డబ్బా నిండా కలకండ ఉంది.

దుర్గాశ్రీ మూత చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆ డబ్బాలో ఉండవలసింది కలకండ కాదు, రెండు అయస్కాంతాలు. ఒకటి డబ్బా అడుగున, ఒకటి మూత లోపలివైపు. నిన్న కాలేజీ నుంచి రాగానే హ్యాండుబ్యాగులోంచి తీసి భోజనాల బల్ల మీద పెట్టింది తనే.

కలకండ మొత్తం బల్ల మీద కుమ్మరించింది. వేళ్ళతో చెదరగొట్టింది. అన్నీ తెల్లటి పలుకులే. వెండిరంగుది ఒక్కటీ లేదు.

"మామయ్యగారూ! ఈ డబ్బాలో కలకండ ఎవరు పోసేరండీ?"

అచ్యుతరామయ్య పూజగది గుమ్మం తడుముకుంటూ వచ్చాడు. వేదం చదువుకున్న మనిషి. రెండు కళ్ళలోనూ శుక్లాలు. కార్తీకమాసం వెళ్ళాక చేయించుకుంటానని ఆపరేషను వాయిదా వేస్తున్నాడు.

"నేనేనమ్మా. నా డబ్బా బల్ల మీద కనపడింది. రెండు పలుకులే మిగిలున్నాయి. అవి అయిపోయేక కొత్తవి పోసేను."

"ఆ రెండూ ఏవండీ?"

"అమ్మడికే ఇచ్చేను. రోజూ తీర్థం పుచ్చుకున్నాక ఇస్తాను కదా."

దుర్గాశ్రీ చేతిలోంచి మూత జారి కింద పడింది.

"రెండూ ఇచ్చేశారా?"

"ఆయ్, రెండూను. అంటుకుపోయి ఉన్నాయి. వానలకి చెమ్మగిలి కలకండ అలాగే అంటుకుంటుంది కదా, గోరుతో పెరికేను. ఏమ్మా, ఏమైంది?"

"మింగేసిందా? ఉమ్మలేదా?"

ఆయన మొహంలో ఆశ్చర్యం తప్ప మరేమీ లేదు. "ప్రసాదం ఎలా ఉమ్ముతుందమ్మా?"

నిజమే. ఆ ఇంట్లో నాలుగేళ్ళ కుసుమకి అక్షరాలకన్నా ముందు నేర్పింది అదే. కుడిచెయ్యి ఆవుచెవిలా, గోకర్ణంగా పట్టాలి. కళ్ళకద్దుకోవాలి. నోట్లో వేసుకోవాలి. బాగున్నా బాగోకపోయినా ఉమ్మకూడదు. వేపపువ్వు ప్రసాదం కూడా కళ్ళనీళ్ళతో మింగిన పిల్ల అది.

* * *

దుర్గాశ్రీ అమలాపురంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఫిజిక్సు చెబుతుంది. చెబుతూనే పీహెచ్‌డీ చేస్తోంది. కోబాల్టు, ఇనుము, ఆక్సిజన్ కలిసిన ఒక నల్లటి పొడి ఆమె చదువు. వాటి నైట్రేటు లవణాలు నీళ్ళలో కరిగించి, జిగురులా ఉడికించి, కాల్చి, కొలిమిలో పెట్టి తీస్తే చేటలో ఊకలాంటి పొడి వస్తుంది. దాని లోపల పరమాణువులు తను కోరిన వరసలో కూర్చున్నాయో లేదో తెలియాలంటే ఎక్స్‌రే యంత్రం ఉన్న ఊరికి పంపాలి, వారాల తరబడి ఆగాలి. అంతవరకూ ఒకటే పరీక్ష. చిన్న అయస్కాంతం దగ్గరికి తెస్తే పొడి లేచి అంటుకోవాలి. కంసాలి దగ్గర గీటురాయి ఎలాగో, ఆమె బ్యాగులో ఆ రెండు అయస్కాంతాలూ అలాగ.

బఠాణీ గింజంత ఘనాలు. చూడ్డానికి చిన్నవి. కానీ ఒకదానికొకటి దొరికితే వేలి చర్మం మధ్యలో పడి నల్లగా కమిలిపోయేది. అందుకే ఒకటి అడుగున, ఒకటి మూతకి. బ్యాగులో ఫోనూ ఏటీఎం కార్డూ పాడవకుండా ఇనపరేకు డబ్బాలో పెట్టేది. ఆ డబ్బా మామగారు కలకండ అయిపోయాక పక్కన పడేసినదే. "వాడుకోనా మామయ్యగారూ" అని అడిగి మరీ తీసుకుంది. ఆయన మరిచిపోయాడు.

ఒక్క అయస్కాంతం మింగితే భయం లేదు. రాయి మింగినట్టే, అదే పోతుంది. రెండూ ఒకేసారి మింగినా కడుపులోనే అతుక్కుని ఒకే ముక్కలా పోతాయి. భయమల్లా ఒకటి ముందు వెళ్ళి, రెండోది వెనక వెళితే. ముందుది పేగులోకి దిగిపోయి ఉంటుంది. వెనకది కడుపులో ఉంటుంది. పేగులు చుట్టలు చుట్టుకుని కడుపు పక్కనుంచే కదా పోతాయి. రెండూ ఒకదాన్నొకటి కనిపెడతాయి. గోడల మీదనుంచే పట్టుకుంటాయి. మధ్యలో చిక్కిన గోడకి రక్తం ఆడదు. అక్కడ చిల్లు పడుతుంది.

ఒకేసారి ఇచ్చారు కదా అనుకుంది. దేవుడా, ఒకేసారి ఇచ్చారు.

పెరట్లో బంతితో ఆడుతున్న కుసుమని ఎత్తుకొచ్చి చెక్కమంచం మీద పడుకోబెట్టింది. ఫోనులో దిక్సూచి తెరిచింది. సూది ఉత్తరం చూపిస్తూ ఊగి ఆగింది. ఫోను పిల్ల గుండె మీద పెట్టింది. కదల్లేదు. మెల్లిగా కిందికి జరిపింది.

బొడ్డుకి పైన, ఎడమవైపు, సూది గిర్రున తిరిగింది.

"గిలిగింతలమ్మా" అని నవ్వింది కుసుమ.

మళ్ళీ జరిపింది. పక్కలకి, కిందికి. సూది ఎక్కడ పెట్టినా ఆ ఒక్క చోటు వైపే లాగుతోంది. ఒక్క చోటే. అంటే రెండూ కలిసే ఉన్నాయి. దుర్గాశ్రీకి కొంచెం ఊపిరాడింది.

అత్తగారు అచ్చయమ్మ అప్పటికే అరటిపండు ఒలుచుకుని వచ్చేసింది. "ఏమీ కాదు. మీ ఆయన చిన్నప్పుడు ఐదు పైసల బిళ్ళ మింగేడు. నాలుగు చక్కెరకేళీలు పెట్టేను. మర్నాటికల్లా వచ్చేసింది. నోరు తెరు, బంగారూ."

"వద్దండి అత్తయ్యగారూ!"

"పండు పెడితే వద్దంటావేం? నీ సామాన్లు భోజనాల బల్ల మీద పెట్టకపోతే ఈ పీకులాట ఉండేదా?"

సగం పండు పిల్ల నోట్లోకి వెళ్ళిపోయింది. మిగిలిన సగం దుర్గాశ్రీ ఆవిడ చేతిలోంచి లాగేసింది. అత్తగారి చేతిలోంచి ఒక వస్తువు లాక్కోవడం కాపురానికి వచ్చాక అదే మొదటిసారి.

భర్త ఉపేంద్ర సముద్రం మధ్యలో చమురు తవ్వే రిగ్గు మీద డ్యూటీలో ఉన్నాడు. ఫోను చేసింది. అందుబాటులో లేదు అని వచ్చింది. మళ్ళీ చేసింది. మళ్ళీ అదే.

* * *

తాతబ్బాయి ఆటో వీధి చివర ఉంటుంది. పిలవగానే వచ్చాడు. మామగారు కూడా ఎక్కాడు. వద్దనడానికి ఆమెకి నోరు రాలేదు.

"భయపడకండి మేడమండీ" అన్నాడు తాతబ్బాయి, బండి ముందుకి దూకిస్తూ. "మా రెండోవోడు రూపాయి బిళ్ళ మింగేసేడండి. మర్నాడు వచ్చేసిందండి. మా ఆడది కడిగి గూట్లో పెడితే, ఆడు దాంతోనే కొట్టుకెళ్ళి చాక్లెట్టు కొనుక్కుతినేసేడండి!"

కుసుమ కిలకిలా నవ్వింది. "నాకూ చాక్లెట్టు."

"ఆయ్, కొంటానమ్మా. ముందు డాక్టరుగారికి చూపిద్దాం."

అంబాజీపేట సెంటర్లో కొబ్బరికాయల లారీ రోడ్డుకి అడ్డంగా వెనక్కి వస్తోంది. ముందు బస్సు, వెనక ట్రాక్టరు. తాతబ్బాయి దిగి, కేకలేసి, లారీ క్లీనరు భుజం మీద చెయ్యేసి బతిమాలి, ఎలాగో సందు చేయించాడు. ఆ కాసేపూ దుర్గాశ్రీ అరచెయ్యి పిల్ల పొట్ట మీదే ఉంది. మెత్తగా, వెచ్చగా ఉంది పొట్ట. నొప్పి లేదు. ఏడుపు లేదు. పిల్ల ఏడుస్తూ ఉంటే ఇంతకన్నా నయంగా ఉండేదేమో అనిపించింది.

అచ్యుతరామయ్య కళ్ళు మూసుకుని లోపల్లోపల ఏదో జపిస్తున్నాడు. పెదవులు కదులుతున్నాయి.

"నిజంగా కలకండ అనుకున్నానమ్మా" అన్నాడు ఉన్నట్టుండి.

"తెలుసండీ."

"చల్లగా తగిలింది వేలికి. కలకండ కూడా చల్లగానే ఉంటుంది కదా."

"తెలుసండీ మామయ్యగారూ."

* * *

అమలాపురంలో ఆసుపత్రి వరండా జనంతో కిక్కిరిసి ఉంది. అయినా అయస్కాంతం అన్న మాట వినగానే డాక్టరు ఆనందరావు పిల్లని ముందు లోపలికి రమ్మన్నాడు. తెల్ల మీసాలు, నిదానమైన మనిషి. ఎక్స్‌రే గదిలో దానియేలు అనే కుర్రాడు కుసుమని బల్ల మీద పడుకోబెట్టి, "ఫొటో తీస్తానమ్మా. ఈ ఫొటోకి నవ్వక్కర్లేదు, ఊపిరి బిగబడితే చాలు" అన్నాడు. కుసుమ బుగ్గలు పూరించి మరీ ఊపిరి బిగబట్టింది.

దుర్గాశ్రీ తలుపు బయట నిలబడింది. తన పొడిని ఎక్స్‌రే కింద పెట్టించిన ప్రతిసారీ ఫలితం కోసం ఆరాటపడేది. కోరిన వరసలో కూర్చున్నాయా, లేదా? ఇప్పుడు ఆ కిరణాల కింద ఉన్నది తన పిల్ల.

డాక్టరు కంప్యూటరు తెర ఆమెవైపు తిప్పాడు. పక్కటెముకల నీడల కింద ఒక్క తెల్లటి చతురస్రం. పదునైన అంచులు.

"ఒక్కటే కనపడుతోందమ్మా."

"రెండు అండీ. ఒకదాని వెనక ఒకటి అతుక్కుని ఉంటాయి. ఎదర్నుంచి చూస్తే ఒకటిలాగే కనపడతాయి."

"ఒకేసారి మింగిందా?"

"ఆయ్. మా మామగారు రెండూ ఇచ్చేశారు."

"మంచిది. ఒకేసారి పోతే కడుపులోనే కలిసిపోయాయన్నమాట. ఒకే ముక్క. కడుపు మెత్తగా ఉంది, నొప్పి లేదు. ఇంటికి తీసుకెళ్ళండి. రేపు పొద్దున్న మళ్ళీ ఒక ఫిల్ము తీద్దాం, కిందికి దిగుతుంది. వాంతి అయినా, కడుపునొప్పి అన్నా వెంటనే తీసుకురండి."

ఆయన తప్పు చెప్పలేదు. తను చెప్పినదానికి సరిగ్గా సరిపోయే మాటే చెప్పాడు. దుర్గాశ్రీ దణ్ణం పెట్టింది. వరండాలో మామగారి పక్కన బెంచీ మీద కూలబడింది. తాతబ్బాయి గేటు దగ్గర చేతులూపుతూ, ఏమైందని సైగ చేశాడు. ఫరవాలేదని తలూపింది.

"వెళ్ళిపోదామా తాతయ్యా?" అంది కుసుమ.

"వెళ్ళిపోదాం అమ్మడూ."

"మరి రేపు మంచి కలకండ పెట్టు. ఇవాళ్టిది తియ్యగా లేదు."

"పెడతానమ్మా."

"నిన్నటిది కూడా తియ్యగా లేదు."

దుర్గాశ్రీ తల తిప్పింది.

"ఏమన్నావు కుసుమా?"

"నిన్న సంధ్యాదీపం దగ్గర తాతయ్య ఇచ్చాడు కదా. అదీ తియ్యగా లేదు. ఇవాళ పొద్దున్నదీ తియ్యగా లేదు. నేను ఉమ్మలేదమ్మా. రెండూ మింగేశాను. గుడ్ గాళ్ కదా?"

దుర్గాశ్రీ మామగారి మొహంలోకి చూసింది. ఆయన మొహం మామూలుగానే ఉంది. ఆయనకి అందులో తేడా ఏముందో తెలియదు.

"మామయ్యగారూ. రెండూ ఒకేసారి ఇవ్వలేదా?"

"ఒకేసారి రెండు ఎందుకిస్తానమ్మా? పూటకి ఒకటేగా. మూతకి అంటుకున్నది నిన్న సాయంత్రం. అడుగునున్నది ఇవాళ పొద్దున్న."

ఆమె అడిగింది రెండూ ఇచ్చేశారా అని. ఆయన ఇచ్చేశానన్నాడు. ఎప్పుడెప్పుడని ఆమె అడగలేదు.

నిన్న సాయంత్రం మింగినది ఈపాటికి కడుపు దాటి పేగులోకి వెళ్ళిపోయి ఉండాలి. పొద్దున్నది ఇంకా కడుపులోనే ఉండాలి. రెండూ వేరువేరు చోట్ల కనపడాలి. సూది రెండు చోట్ల తిరగాలి.

ఒక్క చోటే తిరిగింది.

* * *

"సైడునుంచి ఒక ఫిల్ము తియ్యండి డాక్టరుగారూ."

లోపల ఇంకో పేషెంటు ఉన్నాడు. ఆమె పట్టించుకోలేదు.

"చిన్నపిల్లమ్మా. ఊరికే ఎక్స్‌రేలు తియ్యకూడదు. ఇప్పుడే కదా చెప్పాను..."

"రెండూ ఒకేసారి మింగలేదండీ. ఒకటి నిన్న సాయంత్రం, ఒకటి ఇవాళ పొద్దున్న. నాకు ఇప్పుడే తెలిసింది."

ఆనందరావు చేతిలోని స్టెతస్కోపు బల్ల మీద పెట్టేశాడు.

"నేను రోజూ చేసే పని ఇదేనండి" అంది ఆమె. "స్ఫటికంలో పొరలు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. ఒకే కోణం నుంచి చూస్తే మధ్యలో ఎంత ఖాళీ ఉందో తెలియదు. అందుకే తిప్పి తిప్పి చూస్తాం. ఆ రెండిటి మధ్య ఖాళీ లేకపోతే నేనే ఇంటికి తీసుకుపోతాను. మళ్ళీ మిమ్మల్ని విసిగించను. ఒక్కసారి తిప్పండి."

"దానియేలూ!" అని కేకేశాడు డాక్టరు.

కుసుమని పక్కకి తిప్పి పడుకోబెట్టారు. ఈసారి పిల్ల బుగ్గలు పూరించలేదు. "అమ్మా, కడుపులో పట్టుకుంది" అంది.

తెర మీద బొమ్మ వచ్చింది. రెండు చతురస్రాలు. పక్కపక్కన, గోడకి రెండు వైపులా చెవులు ఆనించి వింటున్న మనుషుల్లా. మధ్యలో సన్నటి నల్లటి గీత. దారమంత.

ఆ గీత లేకుండా ఉండాలని ఆమె మొక్కుకుంది. అది ఉంది.

"ఖాళీ ఉంది" అంది తనే. డాక్టరు చెప్పేదాకా ఆగలేకపోయింది.

"ఖాళీ కాదమ్మా" అన్నాడాయన మెల్లిగా. "ముందున్నది కడుపులో ఉంది. వెనకున్నది పేగులో. మధ్యలో ఉన్నది పిల్ల."

ఆ తరవాత ఆయన కూర్చోలేదు. తనే ఫోను తీసి కాకినాడ పెద్దాసుపత్రికి చేశాడు. అంబులెన్సుకి చేశాడు. ఏం తిందని అడిగాడు. సగం అరటిపండు అని చెప్పింది. "ఇక మంచినీళ్ళు కూడా పట్టకండి" అన్నాడు.

అంబులెన్సు ఎక్కేముందు దుర్గాశ్రీ వెనక్కి పరిగెత్తి దానియేలు జేబులోంచి మార్కరు పెన్ను లాక్కుంది. పిల్ల ముంజేతి మీద పెద్ద అక్షరాలతో రాసింది. కడుపులో అయస్కాంతాలు. ఎమ్మారై వద్దు.

"ఎందుకండీ?" అన్నాడు దానియేలు.

"ఆ యంత్రం కూడా అయస్కాంతమే బాబూ. ఏనుగంత అయస్కాంతం."

* * *

అంబులెన్సు ముమ్మిడివరం దాటింది. ఎదుర్లంక దగ్గర వంతెన ఎక్కింది. కింద గౌతమి ఎర్రగా, నిండుగా ఉంది. కిటికీ లోంచి చూపిద్దామంటే కుసుమ కళ్ళు తెరవడం లేదు. మోకాళ్ళు పొట్టకి ముడుచుకుని పడుకుంది.

"అమ్మా, గుచ్చుతోంది."

"వచ్చేశామమ్మా. ఇదిగో, వచ్చేశాం."

రాలేదు. యానాం ఇంకా ముందుంది.

దుర్గాశ్రీకి తెలిసినదంతా ఇప్పుడు శత్రువైంది. అయస్కాంతాల మధ్య దూరం తగ్గేకొద్దీ పట్టు పెరుగుతుంది. అలా ఇలా కాదు, విపరీతంగా పెరుగుతుంది. ఆ గ్రాఫు గీతలు బోర్డు మీద ఎన్నిసార్లు గీసిందో. మొదట నెమ్మదిగా లేచి, చివర నిటారుగా కొండలా ఎక్కే గీత. గోడ నలిగి పలచబడేకొద్దీ అవి ఇంకా గట్టిగా నొక్కుతాయి. గట్టిగా నొక్కేకొద్దీ గోడ ఇంకా పలచబడుతుంది. ఆ గీతలో తాము ఇప్పుడు ఎక్కడున్నారో తెలియదు. చదునులోనా, కొండ మొదట్లోనా?

కుసుమ వాంతి చేసుకుంది. పచ్చగా.

ఇప్పటిదాకా జపిస్తున్న అచ్యుతరామయ్య ఆగిపోయాడు. కాసేపు పెదవులు వెతుక్కున్నాయి.

"రావడం లేదమ్మా" అన్నాడు. "తరవాతి పాదం రావడం లేదు. ఏడేళ్ళ వయసునుంచీ చదువుతున్నాను. రావడం లేదు."

"ఊరికే కూర్చోండి మామయ్యగారూ."

"ఉమ్మకూడదని నేనే నేర్పేను. బాగోకపోతే చెప్పమని నేర్పలేదు."

దుర్గాశ్రీ ఒక చెయ్యి పిల్ల నుదుటి మీద ఉంది. రెండో చెయ్యి ఆయన చేతిని పట్టుకుంది.

కాకినాడలో స్ట్రెచరు దింపగానే ఒక జూనియర్ డాక్టరు ఎదురొచ్చాడు. "కడుపునొప్పి కేసా? స్కానింగుకి, ఎమ్మారైకి..." అంటూనే పిల్ల చేతి మీద రాత చూశాడు. నోరు మూసుకుని స్ట్రెచరు రెండో వైపుకి తనే తోశాడు.

సర్జను పేరు కనకరత్నం. పొట్టి మనిషి, గట్టి గొంతు. ఎక్స్‌రే రెండు క్షణాలు చూసి, "నోట్లోంచి గొట్టం వేసి కడుపులోది అందుకుంటాను. అది వదిలితే రెండోది ఒంటరి. వదలకపోయినా, అక్కడ చిల్లు ఉన్నా పొట్ట తెరుస్తాను. సంతకం చెయ్యండి" అంది.

మత్తు డాక్టరు అరటిపండు మాట విని మొహం చిట్లించాడు. "కొంతసేపు ఆగితే మంచిది మేడమ్. మత్తులో వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతే..."

"తెలుసు. ఆగితే అక్కడ చిల్లు పడుతుంది. ఇది నేను చూసుకుంటాను, అది మీరు చూసుకోండి."

తలుపు మూసుకుంది.

* * *

తలుపు మీద ఎర్రదీపం వెలుగుతోంది. దుర్గాశ్రీ దానికి ఎదురుగా గోడకి ఆనుకుని నించుంది. కూర్చుంటే లేవలేనని భయం.

తన పొడిలో ఇనుము పరమాణువులకీ కోబాల్టు పరమాణువులకీ రెండు రకాల గదులుంటాయి. ఒక రకం గదుల్లోవాళ్ళు పైకి చూస్తే, రెండో రకంలోవాళ్ళు కిందికి చూస్తారు. ఒకళ్ళనొకళ్ళు కొట్టేసుకోగా మిగిలినదే ఆ పొడికి బలం. క్లాసులో పిల్లలకి ఇలాగే చెప్పేది. నవ్వేవాళ్ళు. ఎంత ముచ్చటగా ఉండేది ఆ మాట. ఇప్పుడు ఆ బలానికి పళ్ళున్నాయి.

ఫోను మోగింది. అత్తగారు.

"పిల్ల ఎలా ఉంది?" గొంతు చిన్నదైపోయింది. "పండు పెట్టడం తప్పయిందా?"

"లేదండి అత్తయ్యగారూ. ఏమీ అవలేదు." అబద్ధమో నిజమో ఆమెకే తెలియదు.

"నువ్వేమన్నా తిన్నావా?"

ఆ మాటకి దుర్గాశ్రీకి అప్పటిదాకా రాని ఏడుపు వచ్చింది. ఫోను పెట్టేసింది.

లోపల ఏదో లోహం కింద పడిన చప్పుడు. ఎవరో గట్టిగా అరిచారు. నర్సు ఒకామె తలుపు తోసుకుని పరుగున బయటికొచ్చి, మళ్ళీ ఏదో పట్టుకుని పరుగున లోపలికెళ్ళింది. ఏమిటని అడిగే లోపల తలుపు మూసుకుపోయింది. అచ్యుతరామయ్య లేచి నిలబడ్డాడు. మసకబారిన కళ్ళతో ఆ తలుపు వైపే చూస్తున్నాడు.

"ఏమిటమ్మా అది? ఏమన్నారు?"

"తెలియదండీ."

చాలాసేపటికి కనకరత్నం వచ్చింది. మాస్కు గడ్డం కిందికి లాక్కుంది. చేతిలో చిన్న ప్లాస్టిక్ గిన్నె. అందులో బఠాణీ గింజంత ఘనం ఒక్కటి.

"చాలా గట్టిగా పట్టుకుంది. రెండుసార్లు జారిపోయింది. మూడోసారి అదే నా పట్టకారుకి అంటుకుంది, అక్కడ మాత్రం మనకి సాయం చేసింది" అంది. "గోడ నల్లగా కమిలింది. చిల్లు పడలేదు."

"రెండోది?"

"పేగులోకి జారిపోయింది. పోనివ్వండి, జతలేని అయస్కాంతం రాయితో సమానం. బయటికి వచ్చేదాకా మాత్రం పిల్ల ఇక్కడే ఉంటుంది. కమిలినచోట ఏ క్షణాన్నయినా చిరగొచ్చు. అలా జరిగితే రాత్రీ పగలూ చూడను, తెరుస్తాను. నోటికి ఏమీ పెట్టకండి."

అచ్యుతరామయ్య రెండు చేతులూ జోడించాడు. ఎవరికి జోడించాడో ఏమో, ఆవిడ వెళ్ళిపోయాక కూడా అలాగే ఉన్నాడు.

* * *

వార్డులో దుర్గాశ్రీ పని ఒక్కటే అయింది. ఇనప మంచం మీద సూది నిలవదు. అందుకని పిల్లని ఎత్తుకుని వరండా చివరికి తీసుకెళ్ళి, నేలమీద దుప్పటి పరిచి పడుకోబెట్టి, పొట్ట మీద ఫోను జరిపేది. మొదట బొడ్డు పక్కన తిరిగింది సూది. తరవాత కుడివైపు, కింద. అక్కడే ఆగిపోయింది. మర్నాడు కూడా అక్కడే. జ్వరం ఉందా అని గంట గంటకీ నుదురు పట్టుకు చూసేది. పిల్ల నిద్రలో మూలిగితే ఆమె లేచి కూర్చునేది. ఉపేంద్ర రిగ్గు మీదనుంచి ఎలాగో హెలికాప్టరు పట్టుకుని వచ్చి, ఆ దుప్పటి పక్కన కూర్చున్నాడు.

సూది మళ్ళీ కదిలింది. ఎడమవైపుకి. కిందికి. గొట్టాలు తీసేసి గంజి పట్టమన్నారు.

ఒక పొద్దున్న దుప్పటి పరిచి, పిల్లని పడుకోబెట్టి, ఫోను పెట్టింది. సూది ఉత్తరం చూపించింది. జరిపింది. ఉత్తరం. కుడికి, ఎడమకి, బొడ్డు మీద, నడుము కింద. ఫోను పాడైందేమోనని తన గాజు దగ్గర, కిటికీ ఊచ దగ్గర పెట్టి చూసింది. ఊచ దగ్గర సూది ఊగింది. పిల్ల మీద పెడితే మళ్ళీ ఉత్తరం.

డాక్టరు కనకరత్నం తన తృప్తి కోసం ఒక ఎక్స్‌రే తీయించి, "ఏమీ లేదు. రేపు ఇంటికి. ఇవాళ్టినుంచి ఏదైనా తినొచ్చు" అని వెళ్ళిపోయింది.

అచ్చయమ్మ తాతబ్బాయి ఆటోలో క్యారియరు పట్టుకుని వచ్చింది. దాంట్లో అన్నం, పెరుగు, ఒక కాగితం పొట్లం. పొట్లం అచ్యుతరామయ్య చేతికిచ్చింది. "గుళ్ళో కలకండ. పిల్లకి పెట్టమన్నారు" అంది.

ఆయన పొట్లం విప్పాడు. ఒక పలుకు తీశాడు. కుసుమ అలవాటు ప్రకారం కుడిచెయ్యి గోకర్ణంగా పట్టింది. కళ్ళు మూసుకుంది.

ఆయన ఇవ్వలేదు. ఆ పలుకు తన నోట్లో వేసుకున్నాడు. చప్పరించాడు. కొరికాడు. సగం తీసి, వేళ్ళతో నలిపి చూసి, పిల్ల అరచేతిలో పెట్టాడు.

అచ్చయమ్మ నిర్ఘాంతపోయింది. "ఏమండీ! ప్రసాదం!"

కుసుమ కళ్ళు తెరిచి చేతిలోకి చూసుకుంది. "ఎంగిలి తాతయ్యా!"

"ఎంగిలే అమ్మడూ" అన్నాడాయన. "తియ్యగా ఉంది. బాగోకపోతే ఉమ్మెయ్యి."

కుసుమ అమ్మ వైపు చూసింది, నిజమేనా అన్నట్టు. దుర్గాశ్రీ తలూపింది. పిల్ల ఆ ముక్క నోట్లో వేసుకుంది. బుగ్గ ఇటునుంచి అటు ఉబ్బింది.

"తియ్యగానే ఉంది" అంది.

దుర్గాశ్రీ మాత్రం ఫోను పిల్ల పొట్ట మీద పెట్టే ఉంచింది.